పెళ్ళికొచ్చి భోంచేసి వెళ్ళారా?

మావోయిస్టు పెద్ద నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో 60 మందితో కలిసి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోయిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మారాయి. అంతకుముందు "ఇది ఎప్పటికి ఆగుతుంది మేడమ్" అని రాసేవారు. ఇప్పుడు "ఆగింది సరే, ఊరు మళ్ళీ ఊరిలా ఎప్పుడవుతుంది" అని రాస్తున్నారు. ఈసారి అలాంటివే నాలుగు తీసుకున్నాను. అహేరి ప్రాంతంలో ఆశ్రమ పాఠశాల టీచరుగా చేసి, రిటైరయ్యాక సర్వేలకు వెళ్ళే పిల్లలకు శిక్షణ ఇస్తున్నదాన్ని కాబట్టి మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను సిరొంచ తాలూకాలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున సర్వే చేస్తున్నాను. ఊళ్ళలో జనం ఎంత కలిసిమెలిసి ఉన్నారో కొలిచి, దాన్నిబట్టి ఎక్కడ ఏ పని చెయ్యాలో తేలుస్తారట. "మీ ఊళ్ళో వేరే కులాలవాళ్ళను ఎంత నమ్ముతారు? ఒకటి నుంచి ఐదు దాకా చెప్పండి" లాంటి ప్రశ్నలు ఉన్నాయి. అడిగిన ప్రతివాళ్ళూ ఐదే అంటున్నారు. ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఐదే. నేను ఐదు రాసుకుని వస్తున్నాను. రాత్రి పడుకుంటే టెన్షన్‌గా ఉంటోంది. దీన్ని చదివి ఎవరికైనా ఏం తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: తమ్ముడూ, వాళ్ళు ఐదు అన్నప్పుడు ఐదే రాయి. నీకు తోచింది రాయడం మొదలుపెడితే ఇక ఆ కాగితాలకు విలువ ఉండదు. అయితే పక్కనున్న ఖాళీలో ఎవరెవరు కూర్చుని ఉండగా అడిగావో, జవాబు ఎంత తొందరగా వచ్చిందో రాసిపెట్టు. మీ సూపర్‌వైజరుకు ఆ అంకె కంటే ఈ రెండు ముక్కలే ఎక్కువ పనికొస్తాయి.

కాగితం, పెన్ను పట్టుకుని గడపలోకి వచ్చిన కొత్త మనిషికి "అంతా బాగుంది బాబూ" అని చెప్పి పంపడం ఈ ఊళ్ళు ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్న పద్ధతి. రాత్రి దళం వచ్చి అన్నం వండమంటే కాదనే ధైర్యం ఎవరికి ఉండేది? పెడితే పొద్దున్నే పోలీసులు వచ్చి ఎవరికి వండావని అడిగేవారు. ఠాణా వైపు రెండుసార్లు నడిస్తే ఇన్ఫార్మరన్న పేరు పడేది, ఆ పేరు పడినవాళ్ళు కొందరు తిరిగి ఇంటికి రాలేదు. "మాకేం తెలవదు, అందరం మంచిగనే ఉంటున్నం" అన్న మాట రెండు తరాల నోళ్ళలో అలా నాటుకుపోయింది. పెద్ద నాయకులు తుపాకులు అప్పగించినంత మాత్రాన అది పోదు. నువ్వు అడిగింది నమ్మకం గురించే అయినా, వాళ్ళు లెక్క వేసుకుంటున్నది నిన్ను ఎవరు పంపారా అని.

ఈ ఇబ్బంది మనకు ఒక్కరికే కాదు. రువాండాలో 1994 నరమేధం తర్వాత, జనంలో సయోధ్య ఎంత వచ్చిందో అక్కడి జాతీయ కమిషనే కొలిచి ప్రకటించింది. 2010లో 82.3 శాతం, 2015లో 92.5, 2020లో 94.7. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ అడిగేది సర్కారు, జవాబు చెప్పేది దాని కింద బతికేవాడు. జాతుల మధ్య చీలిక తెచ్చే మాట మాట్లాడితే నేరమని అక్కడ చట్టం ఉంది. ఆ 94.7లో నిజమైన సయోధ్య ఎంత, నోరు జాగ్రత్తగా ఉంచుకోవడం ఎంత అన్నది ఆ అంకె ఒక్కటే పట్టుకుని తేల్చలేం.

ఇక అసలు కొలిచేది ఏమిటంటే, ఇందులో రెండు సంబంధాలు ఉన్నాయి. ఒకటి మనిషికీ సర్కారుకూ మధ్య: తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), గ్రామసేవక్, రేషన్ దుకాణం, ఠాణా, కోర్టు. రెండోది మనిషికీ మనిషికీ మధ్య. 1974 నుంచి రెండు ముక్కలై ఉన్న సైప్రస్ ద్వీపంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో 'స్కోర్' అనే సూచిక తయారుచేసినప్పుడు, గ్రీకు సైప్రస్‌వాళ్ళనూ టర్కీ సైప్రస్‌వాళ్ళనూ విడివిడిగా అడిగి, ఒక్కో అంశానికి సున్నా నుంచి పది దాకా అంకె వేశారు. తర్వాత దాన్ని ఉక్రెయిన్, లైబీరియా, బోస్నియా లాంటి చోట్లకు తీసుకెళ్ళారు. రెండు సంబంధాలనూ కలిపి ఒకే అంకెగా చూపిస్తే నష్టమే. జనం ఒకరితో ఒకరు బాగానే ఉండి, తలాఠీ దగ్గర సాత్‌బారా అనే భూమి కాగితం కోసం ఏడాది తిరుగుతున్న ఊళ్ళో వాలీబాల్ పోటీలు పెట్టి లాభం లేదు. ఆఫీసులన్నీ సక్రమంగా నడుస్తూ, రెండు వాడలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఊళ్ళో ఇంకో సిమెంటు రోడ్డు వేసీ లాభం లేదు. కొలవడం ఎందుకని అడిగావు కదా, ఆ తేడా పట్టుకోవడానికే.

మనసులో ఏముందని అడిగితే ఐదే వస్తుంది కాబట్టి, చేసిన పని గురించి అడగాలి. బొగార్డస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త వందేళ్ళ కిందటే ఈ దారి చూపించాడు. ఫలానా జాతివాళ్ళను నీ దేశానికి రానిస్తావా, నీతో పని చెయ్యనిస్తావా, పక్కింట్లో ఉండనిస్తావా, వాళ్ళతో వియ్యమందుతావా అని మెట్లు మెట్లుగా అడిగాడు. మన పక్క దీనికి పెళ్ళి ఒక్కటి చాలు. నిరుడు మీ వాడలో జరిగిన పెళ్ళికి అవతలి వాడవాళ్ళను పిలిచారా? పిలిస్తే వచ్చారా? వచ్చినవాళ్ళు చదివింపులు రాయించి వెళ్ళిపోయారా, బంతిలో కూర్చుని భోంచేశారా? ఎవరి పక్కన కూర్చున్నారు? ఒక్కో మెట్టూ వేరే సంగతి చెబుతుంది. చదివింపులు రాయించి తినకుండా వెళ్ళినవాడు మర్యాద నిలబెట్టుకున్నాడు, మనసు మాత్రం ఇవ్వలేదు. పైగా ఊరంతా చూసిన విషయం కనుక అబద్ధం చెప్పే అవసరం రాదు, చెప్పినందువల్ల ఎవరికీ ముప్పూ రాదు.

ఇంకా మంచి పద్ధతి, ఏం కొలవాలో ఊరినే అడగడం. పమీనా ఫిర్కౌ, రోజర్ మెక్‌గింటీ అనే ఇద్దరు పరిశోధకులు ఉగాండా, దక్షిణ సూడాన్, జింబాబ్వే, దక్షిణాఫ్రికా ఊళ్ళలో ఇదే చేశారు. మీ ఊరు శాంతిగా ఉందని మీకు దేన్ని చూస్తే తెలుస్తుందని అడిగారు. రాత్రి కుక్కలు మొరుగుతున్నాయా, చీకట్లో బయటికి వెళ్ళి రాగలుగుతున్నామా లాంటి గుర్తులు జనమే చెప్పారు. ఆ గుర్తులే ప్రశ్నలయ్యాయి.

ప్రాణహిత ఒడ్డున ఒక ఊళ్ళో నేనూ ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఈ ప్రశ్న వేశాను. చాపమీద ఎండిన ఇప్పపువ్వును చేత్తో నలిపి పుల్లలు ఏరుతున్న ఒక పెద్దావిడ తలెత్తకుండానే జవాబు చెప్పింది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో కోడి కూయక ముందే అడవికి పోవాలి, ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఇన్నేళ్ళూ గుంపులుగా పోయేవారట, గట్టిగా మాట్లాడుకుంటూ, కావాలని దగ్గుతూ. చీకట్లో కదిలే మనిషిని చూసి ఎవరైనా ఎవరనో అనుకుని కాల్చకుండా. ఈ ఏడు ఆవిడ మనవరాలు బుట్ట తీసుకుని ఒక్కతే పోయి వచ్చిందట. పక్కనున్నావిడ ఇంకోటి కలిపింది: తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టే వేళకు తను ఉండలేకపోతే, నా కట్టలు చూడమ్మా అని అవతలి వాడ మనిషికి అప్పగించి రాగలుగుతోందా అని. ఏ ఫారంలోనూ లేని ప్రశ్నలు ఇవి. వీటిని ఏటా అదే నెలలో అడిగితే ఊరు ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

తప్పనిసరిగా భయం ఉన్న ప్రశ్నే అడగాల్సి వస్తే ఒక ఉపాయం ఉంది. సగం మందికి మూడు ఇబ్బందులు చదివి వినిపించు: బస్సు వేళకు రాదు, బోరు చెడిపోయింది, అడవిపందులు పంట తింటున్నాయి. వీటిలో మిమ్మల్ని బాధపెట్టేవి ఎన్ని, ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి చాలు అని అడుగు. మిగతా సగానికి నాలుగోది కలుపు: లొంగిపోయి వచ్చినవాళ్ళ ఇల్లు మా ఇంటి పక్కనే ఉంది. మొదటివాళ్ళ సగటు 1.8, రెండోవాళ్ళది 2.1 వచ్చిందనుకో. ఆ 0.3 తేడా అంటే, నూటికి దాదాపు ముప్పై మందికి నాలుగోది ఇబ్బందిగా ఉందన్నమాట. ఎవరు అన్నారో నీకూ తెలియదు. అయితే భయం మరీ ముదిరినచోట ఇదీ పనిచెయ్యదు. అఫ్గానిస్తాన్‌లో 2011లో ఇలాగే జాబితాలో తాలిబన్ పేరు కలిపి అడిగితే, జనం సున్నా అని గానీ, అన్నీ అని గానీ ఒక్కరూ చెప్పలేదు. రెండు చివర్లలోనూ తమ మనసు బయటపడిపోతుందని వాళ్ళకు వెంటనే అర్థమైంది. అలాంటిచోట ఆ ప్రశ్న ఆపేసి పెళ్ళిళ్ళ గురించి అడగడమే మేలు.

ఇంకొక్క మాట. నీ ఫారం మరాఠీలో ఉంటుంది, నువ్వు తెలుగులో అడుగుతావు, లోపలి ఊళ్ళలో గోండుల మాడియా భాషలోకి ఇంకెవరో మార్చి చెబుతారు. ఆ చెప్పేవాడు పోలీసు పాటిల్ (ఊళ్ళో పోలీసులకు సాయపడే మనిషి) కొడుకో, సర్పంచ్ తమ్ముడో అయితే నీకు ఐదు తప్ప ఇంకేమీ దొరకదు. ఆడవాళ్ళను ఆడపిల్లలే అడగాలి. వచ్చిన లెక్కను తిరిగి ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. ఇది మీ సంస్థవాళ్ళతో గట్టిగా చెప్పు. ఊరిని అడిగి, ఊరికి చెప్పకుండా పట్టుకుపోయేవాళ్ళను రెండోసారి ఎవరూ నమ్మరు.

ప్రశ్న: మా ఊరికి అప్పట్లో తంటాముక్తి బహుమతి వచ్చింది. తగాదాలు లేని ఊరని సర్కారే సర్టిఫికెట్ ఇచ్చింది. మళ్ళీ ఈ కొత్త కొలతలు ఎందుకు?
– ఒక మాజీ పోలీసు పాటిల్, గడ్చిరోలి జిల్లా

జవాబు: అన్నా, 2007 ఆగస్టు 15న మహారాష్ట్ర ప్రభుత్వం తంటాముక్తి పథకం మొదలుపెట్టినప్పుడు నేనూ సంతోషించాను. గట్టు తగాదాలు, పంపకాల తగాదాలు కోర్టు మెట్లెక్కకుండా ఊళ్ళోనే తెగాయి, ఎంతోమందికి వకీలు ఖర్చు తప్పింది. దాని మేలు దానిదే. కానీ మార్కులూ బహుమతీ ఉన్నచోట ఒక ప్రమాదం ఉంది. పేరు పోతుందని తగాదాను రిజిస్టరు దాకా రానివ్వరు. బలహీనుడిని "ఊరి పరువు చూడు" అని నోరు మూయిస్తారు. తగాదాలు లేకపోవడం, తగాదా పడే ధైర్యం లేకపోవడం రిజిస్టరులో ఒకేలా కనిపిస్తాయి.

మన జిల్లాలోనే ధానోరా తాలూకా మెండా-లేఖా ఉంది. 2009లో దేశంలోనే ముందుగా సామూహిక అటవీ హక్కు పొందిన ఊరు. అక్కడ గ్రామసభలో అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం, ఒక్కరు కాదన్నా మళ్ళీ కూర్చుంటారు. మీరు అంత అనుభవం ఉన్నవారు కాబట్టి ఒక్కటి గమనించి రాయండి. మీ గ్రామసభలో లేచి "ఇది తప్పు" అన్న మనిషి ఆ తర్వాతి సభకూ వచ్చాడా? వచ్చి మళ్ళీ మాట్లాడాడా? దానికి మార్కులు వేస్తే నేనూ చప్పట్లు కొడతాను.

ప్రశ్న: మేడమ్, మాది అహేరి తాలూకా. మా పొదుపు సంఘం, అంటే బచత్ గట్‌లో ఒకామె తమ్ముడిని ఇన్ఫార్మరని చంపేశారు. ఇప్పుడు మా వాడకే చెందిన ఒక అమ్మాయి దళం నుంచి లొంగిపోయి ఇంటికి వచ్చింది. ఇద్దరి ఇళ్ళ మధ్య నాలుగిళ్ళే. ఊరంతటినీ పిలిచి సభ పెట్టి, అమ్మాయితో క్షమాపణ చెప్పించి ఇద్దరినీ కలిపేద్దామని కొందరు బయటివాళ్ళు అంటున్నారు. ఫొటోలు కూడా తీస్తారట. మంచిదేనా?
– ఒక సోదరి

జవాబు: చెల్లీ, తొందరపడొద్దు. ఆ అమ్మాయికి ఆ చావుతో సంబంధం ఉందో లేదో కూడా మీ ఉత్తరంలో లేదు. ఎవరు చేశారో తెలియని పనికి అందరిముందు ఒకరితో క్షమాపణ చెప్పించడం న్యాయం కాదు.

సభల వల్ల మేలు లేదని నేను అనడం లేదు. సియర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం నడిచింది. ఆ తర్వాత ఊళ్ళలో సభలు పెట్టి, నష్టపోయినవాళ్ళు తమ కథ చెప్పడం, చేసినవాళ్ళు ఒప్పుకుని క్షమించమనడం జరిగింది. పరిశోధకులు 200 గ్రామాలను తీసుకుని, సభలు జరిగిన ఊళ్ళనూ జరగని ఊళ్ళనూ పోల్చి చూశారు. 2016లో బయటికొచ్చిన ఆ ఫలితాల్లో, సభలు జరిగిన ఊళ్ళలో క్షమాగుణం పెరిగింది, పాత పోరాటగాళ్ళమీద నమ్మకం పెరిగింది, ఊరి పనులకు జనం ఎక్కువ ఇచ్చారు. అదే ఊళ్ళలో దిగులు, ఆందోళన, పాత దెబ్బ తాలూకు మానసిక బాధ కూడా పెరిగాయి. రెండున్నరేళ్ళు దాటాక అడిగినా ఆ బాధ అలాగే ఉంది. ఊరు బాగుపడింది, మనిషి లోపల గాయం మళ్ళీ రేగింది. ఊరి ఐక్యత మాత్రమే కొలిచి ఊరుకుని ఉంటే ఈ రెండో సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అందుకే కొలిచేవాళ్ళు "నిద్ర పడుతోందా" అని కూడా అడగాలని నేను పట్టుబడతాను.

మీ ఊళ్ళో ముందు తమ్ముడిని పోగొట్టుకున్న ఆమెను విడిగా, ఆమె ఇంట్లో, మీలో ఆమెకు దగ్గరైనవాళ్ళే అడగండి. ఆమెకు ఏం కావాలో ఆమెనే చెప్పనివ్వండి. కొందరికి చంపిన కారణం అబద్ధమని ఊళ్ళో పైకి చెప్పాలని ఉంటుంది, కొందరికి ఆగిపోయిన పరిహారం కాగితం కదలాలని ఉంటుంది, కొందరు ఆ పేరే ఎత్తొద్దంటారు. వద్దంటే సభ వద్దు, అంతే. లొంగిపోయి వచ్చిన అమ్మాయిదీ అదే మాట. ఆమెకూ రాత్రిళ్ళు ఉంటాయి. ఫొటోల సంగతి మాత్రం ఇప్పుడే గట్టిగా కాదనండి. ఒకసారి ఫొటో బయటికి పోతే వెనక్కి తెచ్చుకోలేం. ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, ఉలిక్కిపడుతున్నా జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి.

ఈలోగా బచత్ గట్ పని మామూలుగా సాగనివ్వండి. అమ్మాయి చేరతానంటే చేర్చుకోవడం గురించి ముందు ఆ అక్కతో మాట్లాడండి. బోరు దగ్గర ఇద్దరూ ఒకే వేళకు వస్తున్నారా, ఒకరిని చూసి ఒకరు వెనక్కి తిరిగిపోతున్నారా, అది మీకు రోజూ కనిపిస్తుంది. అదే మీ కొలత. రాసిపెట్టక్కర్లేదు, గుర్తుంచుకోండి చాలు.

ప్రశ్న: మాది ఒడిశా మల్కనగిరి జిల్లా చిత్రకొండ, కిరాణా కొట్టు. గురుప్రియ వంతెన వచ్చాక జలాశయం అవతలి కటాఫ్ ఏరియాకు బస్సులు, టవర్లు వచ్చాయి. శాంతి వచ్చేసిందని మా అబ్బాయి, లేదని నేను. వంతెనలూ టవర్లూ లెక్కపెడితే సరిపోదా?
– ఒక వ్యాపారి

జవాబు: అయ్యా, ఆ వంతెన విలువ మీకు నేను చెప్పాలా. బలిమెల జలాశయం వల్ల దశాబ్దాలపాటు లాంచీలే దిక్కైన ప్రాంతం అది. 2008 జూన్‌లో ఆ నీళ్ళమీదే ఆంధ్ర గ్రేహౌండ్స్ పడవమీద దాడి జరిగింది, 2011 ఫిబ్రవరిలో మన తెలుగు కలెక్టరును అటువైపే ఎత్తుకెళ్ళారు. 2018 జులైలో 910 మీటర్ల వంతెన తెరిచాక కాన్పుకు ఆస్పత్రికి చేరడం ఎంత తేలికైందో మీరు కళ్ళారా చూశారు. అది మనిషికీ సర్కారుకూ మధ్య దూరాన్ని తగ్గించింది. మనిషికీ మనిషికీ మధ్య దూరం విడిగా చూడాల్సిందే.

ఇరాక్‌లో ఐసిస్ తరిమేసిన క్రైస్తవ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్ళను కలిపి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఆటమైదానంలో స్నేహం కుదిరింది, ఆరు నెలల తర్వాత కూడా కలిసి సాధన చెయ్యడానికి వచ్చారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లోని హోటలుకు వెళ్ళి తినమంటే, ముస్లింలతో కలిసి ఆడినవాళ్ళకూ ఆడనివాళ్ళకూ తేడా పెద్దగా కనిపించలేదు. తెలిసిన మనిషిని నమ్మారు, తెలియని జనాన్ని ఇంకా నమ్మలేదు. మీ సంతలోనూ ఇదే చూడండి. పసుపు, చింతపండు తెచ్చే అవతలి గట్టువాళ్ళు తెలిసిన కొట్టుకే వెళుతున్నారా, ధర అడుగుతూ నాలుగు కొట్లు తిరుగుతున్నారా?

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని ఒక సంస్థ 2003 నుంచి సయోధ్యను కొలుస్తోంది. మిమ్మల్ని ఎక్కువగా విడదీసేది ఏమిటని అడిగితే, వర్ణవివక్ష అంతగా నడిచిన ఆ దేశంలో కూడా జనం పదేపదే చెప్పింది ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా గురించే. మీ చిత్రకొండలోనూ అంతే, కొట్లు పెట్టింది మనవాళ్ళం, సరుకు మోసుకొచ్చేది వాళ్ళు. తూకంమీద, వడ్డీమీద వాళ్ళకున్న అనుమానం ఏ వంతెనతోనూ పోదు.

కొలత మీ గల్లాపెట్టె పక్కనే ఉంది, ఖాతా పుస్తకం. వంతెన రాకముందు అవతలి గట్టువాళ్ళకు ఎంతమందికి అప్పు ఇచ్చారు, ఇప్పుడు ఎంతమందికి ఇస్తున్నారు? వాళ్ళలో మీకు ముందు తెలియని ఊళ్ళవాళ్ళు ఎందరు? మీరు పది రూపాయలు ఎక్కువ వేశారని వెనక్కి వచ్చి అడిగినవాళ్ళు ఉన్నారా? మీ అబ్బాయిని కూర్చోబెట్టి లెక్క తీయించండి. మీ ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో నాకు రాయండి. పేర్లు మాత్రం రాయొద్దు, అంకెలు చాలు.